మా ఇంటి తెనాలి

మాగాయ గురించి రాస్తానని కిందటి నెలలో మీకు మాట ఇచ్చాను. ముక్క ఎన్ని ఎండలు ఎండాలి, ఊట ఎప్పుడు పిండాలి, మా అత్తగారు మెంతిపిండి ఎంత పాళ్ళలో కలిపేవారు, అన్నీ కాగితం మీద పెట్టుకున్నాను కూడా. కాని ఈ వారం ఆ కాగితాలు తియ్యబుద్ధి కాలేదు. మా ఇంట్లో పిల్లి చచ్చిపోయింది.

"ఓస్, పిల్లేనా!" అనేవారుంటారని నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఇల్లాంటిది ఎవరైనా రాస్తే నేనూ అలాగే అనుకుని, పేజీ తిప్పేసి సీరియల్ దగ్గరికి పోయేదాన్ని. అంచేత మిమ్మల్ని తప్పు పట్టను. తిప్పదలచుకున్నవారు తిప్పేయండి, మాగాయ వచ్చే వారం తప్పకుండా రాస్తాను. తక్కినవారు కాస్త ఓపిక పట్టి వినండి.

మాది కాకినాడ. ఇంట్లో నేను, మా అబ్బాయి, కోడలు, తొమ్మిదేళ్ళ మనవడు. పిల్లిని పెంచుదామని మేమెవరం అనుకోలేదు. కిందటేడు శ్రావణంలో ముసురు పట్టి నాలుగు రోజులు వదలలేదు. ఆ ముసురులో ఓ ఊరపిల్లి మా పెరట్లో పాత సామాను గదిలోకి మూడు పిల్లల్ని నోట కరుచుకు వచ్చింది. వాన తెరపి ఇచ్చాక రెండింటిని తీసుకుపోయింది, మూడోదాని కోసం రాలేదు. ఎందుకు రాలేదో పిల్లికే తెలియాలి. పాత కుట్టుమిషను వెనకాల అది అరిచిన అరుపుకు మా మనవడు అన్నం ముందునించి లేచి వెళ్ళిపోయాడు.

శాకాహారం ఇల్లు మాది. పిల్లికేం పెట్టాలో తెలియక పాలు పోశాం. మూతి దగ్గరికి తెచ్చి, వాసన చూసి, తోక ఎగరేసి పోయింది. మర్నాడూ అంతే. తెనాలి రామకృష్ణుడు కాగే పాలు పెట్టి పిల్లిని బెదరగొట్టిన కథ మా మనవడికి నేనే చెప్పాను. వాడు చప్పట్లు కొట్టి, "బామ్మా, ఇది ఆ పిల్లే!" అన్నాడు. ఆ రోజునించి దానికి తెనాలి అని పేరు.

పాలు వద్దన్నది కాబట్టి పెరుగన్నం అలవాటు చేశాను. తిన్నది, ఏమాట కామాట చెప్పుకోవాలి. కాని టీకాలకు తీసుకువెళ్ళినప్పుడు పశువుల డాక్టరమ్మ నన్ను మెత్తగా మందలించింది. పిల్లి పుట్టుకతో మాంసాహారిట. టారిన్ అనే పదార్థం మాంసంలోనే దొరుకుతుంది, అది అందకపోతే పిల్లికి కళ్ళూ గుండే దెబ్బ తింటాయిట. పాలు కూడా, పాలు మానిన వయసు వచ్చాక చాలా పిల్లులకు అరగవుట. అంటే మా తెనాలి తెలివిగలదే అన్నమాట. అప్పటినించి దుకాణంలో అమ్మే మేత పొట్లాలు తెప్పించాం. అదికాక పక్కింటావిడ రోజూ పొద్దున్నే ఉడికించిన చేపముక్కలు రెండు గిన్నెలో వేసి గోడ మీంచి అందించేది. "పిన్నిగారూ, మీ చెయ్యి మైలపడకుండా గిన్నెతో సహా పెట్టేయండి" అని నవ్వేది. ఆ గిన్నె చప్పుడు వింటే తెనాలి ఎక్కడున్నా గోడ ఎక్కి కూచునేది.

నాకు అదంటే ఇష్టమని నేను ఎవరితోనూ అనలేదు. పూజగదిలోకి వస్తే కసిరేదాన్ని. కాని మధ్యాహ్నం నేను నడుం వాల్చినప్పుడు అది నా కాళ్ళ దగ్గర ముడుచుకు పడుకునేది. మావారు పోయాక ఆ మంచం మీద నాకు ఇంకో ప్రాణి ఊపిరి వినిపించడం అదే మొదలు.

ఏప్రిల్ నెలాఖరున ఒక పొద్దున గిన్నె చప్పుడైంది. తెనాలి రాలేదు.

బీరువా కింద పడుకుని ఉంది. పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంది. "ఎండలకు మనుషులమే సోలిపోతున్నాం, దానికి మాత్రం ఉండదా?" అన్నాడు మా అబ్బాయి. నిజమే అనుకున్నాం. మర్నాడు కాస్త తిన్నది, లేచి తిరిగింది. ఆ మర్నాడు మళ్ళీ మానేసింది. ఇల్లా ఒకరోజు బాగుండి ఒకరోజు బాగుండక మూడు నాలుగు రోజులు మమ్మల్ని మోసం చేసింది. పిల్లి తన జబ్బును దాచుకుంటుందిట, అది దాని స్వభావం. మూలిగే జంతువు కాదు. అంచేత ఇంట్లో పిల్లి ఉన్నవారు ఇది గుర్తుపెట్టుకోండి: అది చీకటి మూలల్లో దూరి కూచుంటున్నా, ఒళ్ళు నాకి శుభ్రం చేసుకోవడం మానేసినా, ఒక రోజంతా తిండి ముట్టకపోయినా, ఎండ అనుకుని ఊరుకోకండి.

నాలుగో రోజు రాత్రి చెవులు ముట్టుకుంటే కాలిపోతున్నాయి. అందరూ పడుకున్నారు. నా మందుల డబ్బాలో జ్వరం మాత్ర ఉంది, పారాసిటమాల్. పసిపిల్లలకు కూడా ఇస్తాం గదా, దానికి ఏమవుతుంది అనుకున్నాను. పావు ముక్క నలిపి పెరుగులో కలిపి నోరు తెరిచి పెట్టాను. అది నురగలు కక్కింది. కొంత నా చీర మీద పడింది, కొంత నేల మీద. ఎంత లోపలికి పోయిందో, అసలు పోయిందో లేదో, ఆ దీపం వెలుతురులో నాకు తెలియలేదు. నేల తుడిచేసి పడుకున్నాను.

తెల్లవారి కూరల బుట్టలో పాత తువ్వాలు పరిచి, ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. మా ముందు ఒక రైతు దూడను పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా బుట్టలోకి తొంగిచూసి, "పిల్లికి కూడానా అమ్మా!" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగా ఆశ్చర్యపడే. డాక్టరమ్మ మా కోడలి వయసుది. జ్వరం చూసింది. నూట అయిదుకు దగ్గరగా ఉంది. పిల్లికి మామూలుగానే నూటొకటీ నూటరెండూ ఉంటుందిట. పొట్ట నొక్కి చూసింది, పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది. అప్పుడు నా వేపు తిరిగి, "ఇంట్లో మందేమైనా వేశారా, అమ్మగారూ?" అని అడిగింది.

నా పక్కన కోడలుంది. మనవడు నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. "ఏమీ వెయ్యలేదమ్మా" అన్నాను.

అరవై తొమ్మిదేళ్ళు నాకు. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను, అబద్ధం చెప్పిన పిల్లల్ని బెంచీ ఎక్కించాను. ఆటో దాకా వెళ్ళి, కళ్ళజోడు మరిచిపోయానని చెప్పి వెనక్కి వచ్చాను. డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ముఖం గంభీరంగా అయింది. అరవలేదు. నాతో పాటు ఆటో దగ్గరికి వచ్చి, "ఒకసారి మళ్ళీ చూస్తానుండండి" అని, కారణం ఎవరికీ చెప్పకుండా, మరోసారి చిగుళ్ళు చూసింది. తరవాత నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి మనుషుల కాలేయానికి ఉంది, పిల్లికి లేదు. అది రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తుంది. చిగుళ్ళు గోధుమరంగులోకి తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ఊపిరి అందదు. ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తియ్యడానికి. "దీనికి చిగుళ్ళు పాలిపోయాయి, కాస్త పసుపు ఛాయ కూడా ఉంది గాని, ఆ రంగు లేదు. జ్వరం మీరు మాత్ర వెయ్యకముందునించీ ఉన్నదే. మీ మాత్ర వల్ల కాదనే అనుకుంటున్నాను. కాని అమ్మగారూ, ఇంకెప్పుడూ" అని ఆపేసింది.

"అనుకుంటున్నాను" అన్న మాట నన్ను వదలలేదు.

మూడు రోజులు ఇంజక్షన్లు చేశారు, చర్మం కిందికి సెలైను ఎక్కించారు. జ్వరం చీమంతైనా తగ్గలేదు. రక్తం తీసి పరీక్షకు పంపారు. కాగితం వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని కూచోబెట్టింది. రక్తంలో ఉండే రెండు రకాల మాంసకృత్తుల్లో ఒకటి బాగా పెరిగింది, ఒకటి తగ్గింది. ఆ పాళ్ళు చూస్తే ఒక జబ్బు మీద అనుమానం ఉందిట. పేరు పొడుగ్గా ఉంటుంది, వాళ్ళు ఎఫ్.ఐ.పి. అంటారు.

నాకు అర్థమైనంత వరకు చెబుతాను. పిల్లుల పేగుల్లో మామూలుగా కనిపించే కరోనా జాతి క్రిమి ఒకటుంది. మనుషులకు వచ్చినది వేరు, ఇది వేరు. మనకు అంటదు. పదింట తొమ్మిది పాళ్ళు అది పిల్లిని ఏమీ చెయ్యదు, మహా అయితే నాలుగు విరేచనాలు. కాని కొద్దిపాటి పిల్లుల్లో, ముఖ్యంగా రెండేళ్ళ లోపు వాటిలో, లోపలే రూపం మార్చుకుని ఒళ్ళంతా పాకుతుంది. తోడబుట్టిన రెండింటిలో ఒకదానికి వచ్చి ఒకదానికి ఎందుకు రాదో చెప్పలేరుట. పొట్టలో నీరు చేరే రకమైతే ఆ నీరు తీసి పరీక్ష చేసి పోల్చుకోవచ్చు. నీరు చేరని రకం ఒకటుంది. దానిలో తియ్యడానికేమీ ఉండదు. జ్వరం, నీరసం, చిక్కిపోవడం. అవి ఏ జబ్బుకైనా ఉండే లక్షణాలే. మా తెనాలి పొట్టలో నీరు లేదు. "ఇదే అని రాసివ్వలేను. కాదని కూడా అనలేను" అన్నది డాక్టరమ్మ.

1963లో బోస్టనులో జీన్ హోల్జ్‌వర్త్ అనే పశువైద్యురాలు ఈ జబ్బును మొదట వర్ణించి రాసిందిట. ఆనాటినించి యాభై ఏళ్ళు పైబడి, వస్తే పిల్లి మీద ఆశ వదులుకోవడమే. 2019లో కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయం వారు ఒక కొత్త మందు 31 పిల్లులకు ఇస్తే 25 నిలదొక్కుకున్నాయి. "ఎనభై నాలుగు రోజులు వాడాలి. ఖర్చవుతుంది. మా ఊరి మందుల షాపుల్లో దొరికేది కాదు, నేను తెప్పించాలి. జబ్బు అదే అయితే పనిచేస్తుంది" అని చెప్పి, మాకు బాగా అర్థమవాలని కాబోలు, "రెమ్‌డెసివిర్ పేరు విన్నారు గదా, దానికి ఇది తోబుట్టువు లాంటిది" అన్నది.

ఆ మాటకు మా అబ్బాయి తల వంచుకున్నాడు. ఆవిడకేం తెలుసు పాపం.

2021 మే నెలలో మావారికి ఆరు సీసాలు కావాలన్నారు. ఆ సీసాల కోసం మా అబ్బాయి మోటారుసైకిలు మీద రాజమండ్రి వెళ్ళాడు, అక్కణ్ణించి ఇంకెక్కడికో వెళ్ళాడు. నాలుగు దొరికాయి. అయిదోది దొరికేలోపల ఆయన వెళ్ళిపోయారు. ఆరూ దొరికినా బతికేవారని ఇవాళ ఏ డాక్టరూ గట్టిగా అనడం లేదు. అప్పుడు మాకది తెలియదు. మా అబ్బాయికి ఇప్పటికీ ఆ రెండు సీసాలు తన లెక్కలోనే ఉన్నాయి.

అప్పుడు మనవడికి అయిదేళ్ళు. శవాన్ని ఇంటికి తేలేదు. "తాతయ్య ఏడీ?" అంటే కాశీ వెళ్ళారని చెప్పాం. చెప్పమన్నది నేనే. పసివాడు, వాడికి చావు సంగతి ఎందుకు అనుకున్నాను. వీధి గేటు చప్పుడైనప్పుడల్లా వాడు పరిగెత్తుకు వెళ్ళి చూసేవాడు. ఏడాది పైగా చూశాడు. ఆఖరికి బడిలో ఇంకో పిల్లాడు, "మీ తాతయ్య చచ్చిపోయారుగా, మా అమ్మ చెప్పింది" అన్నాడు. ఆ సాయంత్రం వాడు ఇంటికి వచ్చి నన్ను ఏమీ అడగలేదు. బట్టలు మార్చుకుని పాలు తాగి లెక్కలు చేసుకున్నాడు. అడిగి ఉంటే బాగుండేది.

మందు తెప్పించమని మా అబ్బాయి అప్పటికప్పుడు డబ్బు కట్టాడు. అది శుక్రవారం. శనివారమంతా తెనాలి నీళ్ళు కూడా ముట్టలేదు. రాత్రి నా గదిలోనే తువ్వాలు మీద పడుకోబెట్టాను. రెండింటప్పుడు లేచి వెళ్ళబోయి నాలుగడుగులు వేసి తూలింది. ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆదివారం తెల్లవారుజామున నాలుగు దాటాక ఊపిరి ఆగింది. పది నెలల పిల్లి. బుట్టలో పెడితే ఖాళీ బుట్టంత బరువుంది.

అబ్బాయినీ కోడల్నీ లేపాను. మా అబ్బాయి పలుగు అందుకుని, "వాడు లేవకముందే పెరట్లో పూడ్చేద్దాం. తలుపు తీసి ఉంటే పారిపోయిందని చెబుదాం" అన్నాడు. కోడలు నా ముఖం వేపు చూసింది. వాడి మాటలో తప్పేముంది? నాలుగేళ్ళ కిందట నేను నేర్పిన మాటే.

నేను వెళ్ళి మనవణ్ణి లేపాను. "నాయనా, తెనాలి చచ్చిపోయింది" అన్నాను.

వాడు లేచి కూచుని నన్ను చాలాసేపు చూశాడు. "నిజంగా చచ్చిపోయిందా బామ్మా, కాశీ వెళ్ళిందా?" అన్నాడు.

దీనికి నేను ఏం జవాబు చెప్పానో ఇక్కడ రాయలేను. వాడు వచ్చి చూశాడు, ముట్టుకున్నాడు. "చల్లగా ఉంది" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు.

ఏడింటికి డాక్టరమ్మకు ఫోను చేశాం. ఆవిడ నొచ్చుకుంది. తరవాత కాస్త తటపటాయిస్తూ, "మీకు అభ్యంతరం లేకపోతే తీసుకురండి. లోపల చూస్తే కారణం తెలిసే వీలుంది" అన్నది. అబ్బాయి నా వేపు చూశాడు. నేను వద్దని చెయ్యి ఊపాను. ఆ చిన్న ఒంటి మీద కత్తి పెట్టడమనే మాటే నాకు సహించలేదు. మనవడు విన్నాడు. "కోస్తే దానికి నొప్పి పుడుతుందా?" అని అడిగాడు. పుట్టదన్నాను. "మరైతే ఎందుకు చచ్చిపోయిందో తెలుస్తుంది గదా?" అన్నాడు. పెద్దవాళ్ళం ముగ్గురం నోరు మెదపలేదు. పెరట్లో సపోటా చెట్టు కింద లోతుగా గొయ్యి తీసి పూడ్చాం. మేత గిన్నె కూడా పెట్టమన్నాడు, పెట్టాం.

తొమ్మిదేళ్ళవాడు తెలుసుకుందామన్నాడు, అరవై తొమ్మిదేళ్ళదాన్ని నేను వద్దన్నాను. ఇవాళ మళ్ళీ అడిగితే సరే అంటాను. అప్పుడు అనలేకపోయాను. ఆ ఒక్క పూట దాటిపోయింది, ఇప్పుడు అది జబ్బా, మందా, విషమా అనేది సపోటా చెట్టు కిందే ఉండిపోయింది.

ఇహ పరామర్శల సంగతి చెప్పాలి. వాటిలో కొన్నింటికి నవ్వొచ్చింది కూడా. మా దూరపు బంధువు ఒకావిడ ఫోను చేసి, "పిల్లి ఇంట్లోనే పోయిందా, బయటా?" అని వాకబు చేసి, పిల్లి ప్రాణం మన చేతిమీదుగా పోతే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని గుర్తు చేసింది. ఇవాళ బంగారం ఉన్న ధరకు పిల్లి మీసం కూడా చేయించలేం వదినా, అన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం నవ్వు ఆగిపోయింది. "మన చేతిమీదుగా" అన్నది గదా ఆవిడ. ఇంకొకరు, ఇంకో పిల్లిని తెచ్చుకోండి, వీధినిండా ఉన్నాయి అన్నారు. ఆ మాట మంచికే అన్నారు. కాని మొదటి రోజున అనకూడని మాట అది. మా వీధి చివర కొబ్బరిబొండాలబ్బాయి ఒక్కడూ ఏమీ అనకుండా మా మనవడికి ఓ లేతబొండం కొట్టి ఇచ్చి, డబ్బు పుచ్చుకోలేదుట.

సోమవారం మధ్యాహ్నం మందు పొట్లం వచ్చింది. ఎవరూ విప్పలేదు. రెండు రోజులు ఫ్రిజ్ మీద ఉంది. బుధవారం నేనే తీసుకెళ్ళి, ఇంకే పిల్లికైనా వాడమని డాక్టరమ్మ చేతికి ఇచ్చాను. ఇచ్చి, ఎలాగూ వచ్చాను గదా అని, మళ్ళీ అదే అడిగాను: "నిజం చెప్పమ్మా, నా మాత్ర వల్ల కాదు గదా?"

ఆవిడ కుర్చీ చూపించి కూచోమంది. "అమ్మగారూ, ఇది చెప్పవచ్చో లేదో నాకు తెలియదు. మీ ఇంట్లో నలుగురూ విడివిడిగా నాకు ఫోను చేశారు. నలుగురూ అడిగింది ఇదే. మీలో మీరు మాట్లాడుకోలేదా?" అన్నది.

ఆ రాత్రి భోజనాలయ్యాక నేనే మొదలుపెట్టాను. మాత్ర సంగతి చెప్పాను. డాక్టరమ్మ అడిగితే లేదని బొంకిన సంగతి కూడా చెప్పాను. మా కోడలు కాసేపు పళ్ళెం వేపు చూస్తూ కూచుంది. ఉగాది ముందు ఇల్లు కడిగినప్పుడు నేల మీద ఫినాయిలు చిక్కగా పోసిందిట, తడి ఆరకముందే తెనాలి దాని మీద నడిచి కాళ్ళు నాకిందిట. ఫినాయిలు పిల్లికి విషమని ఎక్కడో చదివినప్పటినించి ఆవిడకు నిద్ర లేదు. అది నిజంగానే విషం, వాడేవారు జాగ్రత్త పడండి. కాని నెల కిందటి ఫినాయిలు ఇప్పుడు జ్వరం తేదని డాక్టరమ్మ చెప్పిందిట. చెప్పినా ఆవిడ నమ్మలేదుట. మా అబ్బాయి, "ఎండ అని నాలుగు రోజులు ఆగమన్నది నేను" అన్నాడు. అంతకంటె ఏమీ అనలేదు.

మనవడు పడుకున్నాడనుకున్నాం. తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వాడు డాబా మీద ఆడుతూ తెనాలి చచ్చిన బల్లిని తింటుంటే చూసి ఊరుకున్నాడుట. అది వాడి వంతు. తరవాత నా దగ్గరికి వచ్చి, "బామ్మా, నువ్వు మాత్ర వెయ్యడం నేను చూశాను" అన్నాడు.

"చూస్తే డాక్టరుగారితో చెప్పలేదేం రా?" అన్నాను.

"నువ్వు ఏడుస్తావని" అన్నాడు.

కాసేపాగి, "పేపర్లో రాయి బామ్మా, ఆ మాత్ర వెయ్యకూడదని. నువ్వు రాస్తే చాలామంది చదువుతారు గదా" అన్నాడు. మాగాయ ఆగిపోయింది అందుకు.

కోడలి స్నేహితురాలి ఇంట్లో పిల్లి ఈనింది. పిల్లలు ఇంకా కళ్ళు తెరవలేదు. తెచ్చుకోదలిస్తే రెండు నెలలు ఆగి, ఇల్లంతా శుభ్రం చేసుకుని, పాత మట్టితొట్టి పారేసి, కొత్తదానికి మొదటి టీకా ఆరు ఎనిమిది వారాల మధ్య వేయించి, నాలుగు నెలలు నిండేదాకా మూడేసి నాలుగేసి వారాలకు మళ్ళీ వేయించమని డాక్టరమ్మ చెప్పింది. మనవడు అవన్నీ ఓ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. తెమ్మని మాత్రం అడగలేదు. మేమూ అడగలేదు.

నిన్న పొద్దున మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను. గోడవతల గిన్నె చప్పుడైంది. పక్కింటావిడ అలవాటుకొద్దీ చెయ్యి చాపింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "అయ్యో, పిన్నిగారూ" అని ఆవిడ గిన్నె వెనక్కి తీసుకుంది.